మామగారి కారుకు నల్లపొగ

మే 10, ఆదివారం. ఉదయం 7.20

కారు స్టార్ట్ చేశాను. వెనక నుంచి గుప్పున నల్లపొగ! సరిగ్గా అప్పుడే పక్కింటి అమలమ్మ గారు చర్చికని గేటు దాటారు.

"సార్, ఇది తెల్లచీరండీ!"

చూశాను. తెల్లచీర కాదు ఇక. క్షమాపణ చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి ఇంకో చీర కట్టుకొచ్చి, నేను ఇంజన్ ఆపానో లేదో తొంగిచూసి మరీ అడుగు బయటపెట్టారు.

9.00

తీర్మానం! ఈ కారును నేనే బాగుచేస్తాను. మెకానిక్ చెయ్యి పడనివ్వను. ఇరవై రెండేళ్లుగా కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. దహన చర్య నాకు మంచినీళ్లప్రాయం. ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్లు గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే పూర్తిగా మండదు, మసి వస్తుంది. అంతే! ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

గడువు 24వ తేదీ. ఆ రోజు అవనిగడ్డలో మా అత్తగారు జ్ఞానప్రసూనాంబ గారికి సన్మానం. అక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పారు. పాత విద్యార్థులు పిలిచారు. ఈ కారు మా మామగారు పూర్ణచంద్రరావు గారిది. ఆయన మూడేళ్ల కిందట పోయారు, అప్పట్నుంచి అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. క్యాబ్ మాట్లాడదామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆయన కార్లోనే వెళ్తాను బాబూ."

నియమాలు:
1. ఒకసారికి ఒక్కటే మార్చాలి.
2. మార్చిన ప్రతిదీ ఇక్కడ రాయాలి.
3. కంగారు పడకూడదు.

మే 11, సోమవారం. సాయంత్రం 6.00

స్పార్క్ ప్లగ్గులు విప్పాను. నాలుగూ కాటుక పెట్టుకున్నాయి! పెట్రోలు ఎక్కువవుతోందన్న నా సిద్ధాంతం రుజువైంది. చాలా సంతోషంగా ఉంది.

నా భార్య శాంభవి బ్యాంకు నుంచి వచ్చింది. "ఆ చేతులతో ఫ్రిజ్ ముట్టుకోకండి" అంది.

అప్పటికే ముట్టుకున్నాను.

మే 12, మంగళవారం

స్కానర్ వచ్చింది! అగ్గిపెట్టెంత ఉంది. స్టీరింగ్ కింద గుచ్చితే కారు రోగం ఫోన్లో కనిపిస్తుంది. గుచ్చాను. ఊపిరి బిగపట్టి చూశాను.

'మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ.'

ఈ సంగతి అమలమ్మ గారి చీర ఆదివారమే చెప్పింది.

వీడియోలు నాలుగు చూశాను. దోషి ఆక్సిజన్ సెన్సార్ అని తేలింది. పొగగొట్టంలో ఉండి, పెట్రోలు ఎంత పోయాలో ఇంజన్‌కు కబురు చెప్పేది అదే. రేపు కొంటాను.

మే 13, బుధవారం

సెన్సార్ కొన్నాను. ఎలాగూ వెళ్లాను కదా అని కొత్త ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కూడా. ఒకే సంచీలో తెచ్చినవన్నీ ఒక్కటి కిందే వస్తాయి. కాబట్టి మొదటి నియమం భంగం కాలేదు.

మే 14, గురువారం. సాయంత్రం

పాత సెన్సార్ రెండు గంటలు కదల్లేదు. కదిలినప్పుడు నా వేళ్ల తోలు కూడా తీసుకుని వచ్చింది. కొత్తది బిగించాను. ఫిల్టర్, ప్లగ్గులు కూడా మార్చాను. స్టార్ట్ చేశాను.

పొగ!

"బాగా చూస్తే కొంచెం తగ్గింది" అన్నాను.

"బాగా చూడకపోతే?" అంది శాంభవి.

మే 16, శనివారం

కొత్త సిద్ధాంతం. ఇంజెక్టర్లు! ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మేవి ఇవే. కుళాయిలా కారుతూ ఉండొచ్చు. నాలుగూ ఊడదీసి, శుభ్రం చేసి, మళ్లీ పెట్టాను. అద్భుతంగా చేశాను. ఒక రబ్బరు రింగు మిగిలింది.

"మిగిలిందంటే ఎక్కడో తక్కువైనట్టేగా?" అంది శాంభవి. "తాళం ఇటివ్వండి ముందు. పెట్రోలుతో ఆటలా?"

తాళం ఇచ్చేశాను. మళ్లీ అంతా ఊడదీశాను. మూడో ఇంజెక్టర్‌కు రింగు లేదు. పెట్టాను. తాళం అడిగి తీసుకున్నాను. స్టార్ట్ చేశాను.

పొగ గురించి ఈ రోజు రాయను.

మే 18, సోమవారం

మూడుసార్లు స్నానం చేసినా పెట్రోలు వాసన పోలేదు. క్లాసులో ముందు బెంచీ మొత్తం వెనక్కెళ్లి కూర్చుంది. దీవెన అనే అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఈ రోజు దహన చర్య చేసి చూపిస్తారాండీ?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వలేదు.

మే 19, మంగళవారం

44 డిగ్రీలు. ఈ ఎండలో బానెట్ ముట్టుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. కారుకూ విశ్రాంతి కావాలి.

మే 20, బుధవారం

ఏమీ మార్చలేదు. కాబట్టి రాయడానికి ఏమీ లేదు. రెండో నియమం చక్కగా పాటిస్తున్నాను.

మే 21, గురువారం. ఉదయం 8.30

ట్రయల్ చూద్దామని భవానీపురం నుంచి వన్ టౌన్ దాకా వెళ్లాను. అత్తగారూ ఎక్కారు. సిగ్నల్ దగ్గర ఇంజన్ దడదడలాడి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే వెనక ఆటోవాళ్లు పొగలో కనిపించలేదు. వినిపించారు.

ఇంటికొచ్చాక కారులోంచి దిగలేకపోయాను. మామగారు దీన్ని తెల్లగుడ్డతో తుడిచేవారు. ఆయన వస్తువును నేను చేతులారా చంపుతున్నానేమో.

"క్యాబ్ మాట్లాడతానండీ" అన్నాను.

ఆవిడ చీర చెంగుతో అద్దం మీద మసి తుడిచారు.

"రేపు మీకు క్లాసులు ఎప్పటిదాకా బాబూ?"

"ఒంటిగంట దాకా అండీ."

"అలాగే" అని లోపలికెళ్లారు.

మే 22, శుక్రవారం. ఉదయం 11.10

కాలేజీలో కరెంటు పోయింది, జనరేటరూ మొరాయించింది. క్లాసులు రద్దు. ఇంటికొచ్చేసరికి నా కారు బానెట్ ఎత్తి ఉంది. లోపల ఒక తల! పక్కన కుర్చీ వేసుకుని, మజ్జిగ గ్లాసుతో అత్తగారు!

తల బయటకొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి.

"నమస్తే సార్. హెలెన్‌నండీ. ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డు ఇప్పుడు నేనే చూసుకుంటున్నా."

అత్తగారు గ్లాసు కింద పెట్టారు. "మీరు ఒంటిగంటకు గదా వస్తానన్నారు?" అన్నారు, తప్పు నాదే అన్నట్టు.

హెలెన్ నా స్కానర్ గుచ్చి, నా ఫోన్ అడిగి, నేను ఎప్పుడూ తెరవని పేజీ తెరిచింది.

"ఇంజన్ వేడి ఎంతుందో చూడండి సార్."

6 డిగ్రీలు.

"మే నెలండీ! వేడి చూసే సెన్సార్ పాడైపోయి, ఎప్పుడూ ఇదే చెప్తా ఉంది. బండి ఊటీలో ఉన్నాననుకుంటంది. చలికి ఇంజన్ ఆగిపోకూడదని పాపం ఒకటే పెట్రోలు పోస్తంది."

బొటనవేలంత సెన్సార్. మార్చడానికి పావుగంట. స్టార్ట్ చేసింది. ఇంజన్ వేడెక్కింది. పొగ లేదు. ఏమీ లేదు! పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. నిజంగా లేదు.

"ఇంజెక్టర్లు భలే క్లీన్ చేశారండీ" అంది. జాలిపడే అందేమో తెలియదు. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఆమె వెళ్లాక అత్తగారు నెమ్మదిగా చెప్పారు.

"మీ మామగారూ ఇంతే బాబూ. బండిని తనే బాగుచెయ్యాలి. ఆయన లైబ్రరీకి వెళ్లగానే ఈ హెలెన్ వాళ్ల నాన్న వచ్చి సరిచేసి వెళ్లేవాడు. ఈయన సాయంత్రం వచ్చి స్టార్ట్ చేసి, 'చూశావా ప్రసూనా, నా చేతి మహిమ!' అనేవారు."

"మీరేమనేవారు?"

"ఔనండీ అనేదాన్ని. పన్నెండేళ్లు."

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడకూ ఆగలేదు. చివర్లో ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. నేను చూడనట్టు బానెట్ దించాను.

మే 24, ఆదివారం. రాత్రి 8.00

నది పక్క కరకట్ట మీద కారు వెన్నలా సాగింది. ముందు సీట్లో ఆవిడ, వెనక శాంభవి. అవనిగడ్డలో యాభై దాటిన విద్యార్థులు ఆవిడ ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు. శాలువా కప్పారు. కారు దాకా వచ్చి సాగనంపారు.

"సారుగారి కారు ఇంకా ఎంత బాగుందండీ టీచర్!" అన్నాడు ఒకాయన.

"మా అల్లుడుగారే బాగుచేశారు" అన్నారు అత్తగారు.

నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ నావైపు చూశారు. క్లాసులో మాట్లాడే పిల్లవాడిని చూసే చూపు.

"ఏదో, కొద్దిగా" అన్నాను.

వెనక సీట్లో శాంభవికి దగ్గొచ్చింది.

మే 25, సోమవారం. ఉదయం 7.00

కారు ఏసీ పనిచేయడం లేదు. వేడిగాలి కొడుతోంది.

తీర్మానం! ఈ ఏసీని నేనే బాగుచేస్తాను. వాయువులు, పీడనం, ఆవిరి. అంతా కెమిస్ట్రీయే. మెకానిక్ చెయ్యి పడనివ్వను.

నియమాలు:
1. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

7.15

కాఫీ తాగుతూ తీర్మానం చదివి వినిపించాను. శాంభవి తల పట్టుకుంది. అత్తగారు శ్రద్ధగా విన్నారు.

లేస్తూ, గోడమీది క్యాలెండర్ చూస్తూ అన్నాను: "రేపు పదింటి నుంచి ఒంటిగంట దాకా నాకు క్లాసులున్నాయండీ. మధ్యలో రావడం కుదరదు."

"ఔనా బాబూ" అన్నారు అత్తగారు, ఫోన్ కోసం కళ్లజోడు వెతుక్కుంటూ.