కొక్కెం కింద మనిషి

మల్కాపురం,
1988 జూలై.

అమ్మా గౌరీ,

నీ ఉత్తరం అందింది. టీచర్ ట్రైనింగు బాగా సాగుతోందన్నావు, సంతోషం. మీ అమ్మ బతికుంటే వీధంతా చెప్పుకొచ్చేది. ఇక్కడ ఒకటే వాన. అయినా యార్డులో ఇనప రేకులు దిగుతూనే ఉన్నాయి, నా క్రేనుకి తీరిక లేదు.

ఆదివారం సాయంత్రం టీవీలో వచ్చే 'ఆకాశంలో ఓడ' సీరియల్ నువ్వూ చూస్తున్నావా? నేను అప్పలసూరి ఇంట్లో చూస్తున్నాను. హిందీ నాకు సగమే అందుతుంది. ఖరగ్‌పూర్‌లో పనిచేసినవాడు కనక మిగతా సగం వాడు చెబుతాడు. మొన్న ఆ ఓడ నడిపే పెద్దాయన తనకి చూపు తగ్గుతోందని డాక్టరమ్మాయి ఒక్కదానికే చెప్పి, ఎవరితోనూ అనొద్దని బతిమాలాడు. అంత మొనగాడు ఆ పిల్ల ముందు తలొంచుకు కూర్చుంటే నాకు ఏదోలా అయింది. సూరి పెళ్ళాం దేముడమ్మ మాత్రం "ఈ ముసిలోడు అందర్నీ సంపేత్తాడ్రా బాబూ!" అని గోల. ఆ పిల్ల స్థానంలో ఉంటే నువ్వేం చేస్తావు? తప్పక రాయి.

దీవెనలతో,
నాన్న ఎల్లారావు


రాజమండ్రి,
ఆగస్టు.

ప్రియమైన నాన్నకి,

మేమూ చూస్తున్నాం, వార్డెన్‌గారి గదిలో కిక్కిరిసి కూర్చుని. నేనైతే చచ్చినా చెప్పను. అంతమందిలో ఏరి ఒక్కరిని నమ్మి చెప్పుకున్న మాటని బయటపెడితే ఆ మనిషికి ఇంకెవరున్నారు? దీని మీద నా పక్కమంచం కాంతంతో పోట్లాడి ఒకపూట మాటలు కూడా మానేశాను. వానలో తడవకు. సూరి మావని అడిగానని చెప్పు.

ప్రేమతో,
నీ గౌరి


మల్కాపురం,
ఆగస్టు.

అమ్మా గౌరీ,

నీ జవాబు చదివాక ధైర్యం వచ్చింది. నా కళ్ళు పోతున్నాయి. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కలు లేవు. తలుపు సందులోంచి లోకాన్ని చూస్తున్నట్టుంది. నీటికాసుల జబ్బని డాక్టరు తేల్చాడు. పోయింది తిరిగి రాదట, మిగిలింది నిలబడటానికి చుక్కల మందు ఇచ్చాడు.

వచ్చే ఏడు రిటైరవుతాను. అందాకా నెట్టుకొస్తాను. క్రేను దింపేస్తే నేనింకేం మనిషిని? కింద జెండా పట్టుకుని నాకు సైగలు చేసేది అప్పలసూరే. వాడు నా ఎదుట ఉన్నంతసేపూ భయం లేదు. వాడికి కూడా చెప్పలేదు. చెబితే జాలిపడతాడు, అది నేను భరించలేను. నీ కడుపులో పెట్టుకో తల్లీ.

నాన్న


రాజమండ్రి,
సెప్టెంబరు.

ప్రియమైన నాన్నా,

రాసి చింపి, మళ్ళీ రాస్తున్నాను. నీ కళ్ళ సంగతి తెలిసి ఏడ్చాను. నాకొక్కదానికే చెప్పావని ఇంకా ఏడ్చాను.

మొన్న ఆదివారం ఆ డాక్టరమ్మాయి ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన చెవిలో దూరాలు చెబుతూ ఓడని దింపించింది. గదంతా చప్పట్లు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఆ ఓడ కింద మనుషులెవరూ లేరు నాన్నా. నీ క్రేను కొక్కెం కింద సూరి మావ ఉన్నాడు. సీరియల్ గురించి తేలిగ్గా అన్న మాటతో నన్ను కట్టెయ్యకు. ముందు మావకి చెప్పు. క్రేను ఎక్కకపోయినా నువ్వు నా నాన్నవే. నాకు ఉద్యోగం రాగానే నా దగ్గరికి వచ్చెయ్యి. వెంటనే జవాబు రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
గౌరి


రాజమండ్రి,
అక్టోబరు.

ప్రియమైన నాన్నకి,

దసరా కూడా వెళ్ళిపోయింది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. మీ ఆఫీసుకి రాద్దామని కూర్చుని, చెయ్యి రాక మానేశాను. సూరి మావకి మాత్రం రాసేశాను. నువ్వు దాచమన్న మాట దాచలేదు. తిట్టడానికైనా ఒక ఉత్తరం రాయి నాన్నా.

నీ గౌరి


మల్కాపురం,
నవంబరు.

గౌరీ, తల్లీ,

నిన్ను తిట్టను. అప్పలసూరి పోయాడమ్మా.

రేకుల కట్ట తిప్పుతుంటే ఎడమ పక్క స్తంభానికి తగిలింది. ఆ స్తంభం నాకు కనబడనే లేదు. కట్ట జారి వాడి మీద పడింది. వాడు నిలబడాల్సింది హద్దు గీతకి అవతల. లోపలికొచ్చి, సరిగ్గా నాకు ఎదురుగా నిలబడ్డాడు. అంత అనుభవం ఉన్నవాడు అక్కడెందుకున్నాడని అందరూ అడిగారు. శవం దగ్గర దేముడమ్మ చెప్పింది.

"పాప ఉత్తరం సూసి నవ్వీసినాడు అన్నియ్యా. 'బావకి పక్కలు కనబడవని యాడాదిగా నాకు తెలుసే. అందుకే ఆడికి ఎదురుగా నిలబడతన్నాను. అడిగితే సిన్నబుచ్చుకుంటాడు. ఎప్పుడో ఆడే సెప్తాడు' అన్నాడు."

ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. రోజూ పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాం గౌరీ. వాడు నేను చెబుతానని ఎదురుచూశాడు. నేను వాడికి తెలియదనుకుని నవ్వుతూ కబుర్లు చెప్పాను.

ఆఫీసువాళ్ళు క్రేను గొలుసు తెగిందని రాసుకోబోయారు. తెగలేదు, నాకే కనబడలేదని అందరి ముందూ చెప్పాను. ఉద్యోగం ఆ పూటే పోయింది. పోలీసులు ఏ రోజైనా పిలుస్తారు. ఆఫీసుకి రాయలేదని నువ్వు కుమిలిపోకు. చెప్పాల్సినవాణ్ణి నేను.

నిన్న సూరి కర్మకి బయల్దేరాను. పక్కనుంచి సైకిలొచ్చి గుద్దితే రోడ్డు మీద పడ్డాను. "ఏటి, కళ్ళు కనబడవా?" అని కసిరాడు ఆ కుర్రాడు. "కనబడవు బాబూ" అన్నాను. పాపం, సైకిలు పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని సూరి గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. లోపల దేముడమ్మ ఏడుపు వినబడుతోంది. ఆ గుమ్మం ఒక్కణ్ణీ దాటలేక వెనక్కి వచ్చేశాను.

నువ్వు రా అమ్మా. నన్ను లోపలికి తీసుకెళ్ళు.

నాన్న