రూతు సాలెపురుగులు

జూన్ 17
రూతును పట్నం దవాఖానలో చేర్చి వనపర్తికి తిరిగొచ్చాను. ఆమె దగ్గర అత్తమ్మ ఉంది. రేపు పొద్దున నాకు గద్వాల బస్సు డ్యూటీ. ఇంట్లో నేను, వంటగది అలమరలో మూడు చిన్న మందుల సీసాలు. ఒక్కో సీసాలో కందిపప్పు బద్దంత టారంటులా సాలీడు పిల్ల. సైన్సు పాఠం చెప్పే బడిలో పిల్లలకు చూపిస్తానని రూతు డిగ్రీలో తనతో చదివిన స్నేహితురాలి దగ్గర తెచ్చుకుంది. చూపించనేలేదు, అంతలోనే ఈ రోగం.
స్కానింగ్ కాగితాల గురించి ఒక్క మాట అనలేదు. నేను బయల్దేరుతుంటే అన్నది ఒకటే. "సీసాలు ఎండనియ్యకు."

జూన్ 19
ఫోన్లో పాఠం. క్లాసులో చెప్పినట్టే నిదానంగా, ప్రతిదీ రెండుసార్లు. సీసా అడుగున పోసిన కొబ్బరిపొట్టు తడిగా ఉండాలి, బురద కావద్దు. మూతకు పెట్టిన సూదిబెజ్జాలు మూసుకుపోవద్దు. మేతకు కీచురాయిని బతికుండగా వెయ్యొద్దు, తొడ ఒకటి తుంచి వెయ్యాలి. బకెట్లో పెంచుతున్న కీచురాళ్ళకు క్యారెట్ ముక్క.
నాకు సాలీడంటే భయం. పెళ్ళయిన పదకొండేళ్ళలో గోడమీది సాలీడును బయట వదిలేది ఎప్పుడూ ఆమే.

జూన్ 23
పట్టకారుతో తొడ అందించాను. చెయ్యి వణికింది. పెద్దది లాక్కుంది. నడిపిది లాక్కుంది. చిన్నది కదల్లేదు.
ఈ పేర్లు రూతు పెట్టినవే, ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలుంటే పిలిచినట్టు. మాకు పిల్లల్లేరు... ఇవాళ అది రాయను.

జూలై 8
మొదటి కీమో అయింది. వాంతులు. ఫోన్ అత్తమ్మ ఎత్తింది. వెనక నుంచి రూతు గొంతు — చిన్నది తిన్నదా అడుగు.
తిన్నది.

జూలై 21
జుట్టు ఊడుతోందట. తలకు కట్టుకోవడానికి మెత్తటి గుడ్డ కావాలంది. గద్వాలలో బస్సు గంటసేపు ఆగినప్పుడు మగ్గాల వీధికి వెళ్ళాను. విషయం చెప్తే అక్కడొక నేతాయన మరేమీ అడగలేదు. పాత నూలుచీర కొంగు మడిచి ఇచ్చాడు. "కొత్తది గరుకుంటది సార్. ఇది ఇరవై ఏండ్లు ఉతికింది." ఆయన భార్యదట. ఆమె లోపలినుంచి చూస్తూ నిలబడింది.

జూలై 30
పెద్దది తినడం మానేసి తొమ్మిది రోజులు. పొట్ట నల్లగా మెరుస్తోంది. చచ్చిపోతుందని పరేషాన్ అయి ఫోన్ చేశాను. రూతు నవ్వింది. ఎన్నాళ్ళకు. "అది పొర ఇడుస్తది. ముట్టకు. ఎల్లెలకల పడుకుంటె సచ్చిందనుకొని పారెయ్యకు."

ఆగస్టు 1
అలాగే వెల్లకిలా పడుకుంది. డ్యూటీకి ఆలస్యమైనా నిలబడి చూశాను. తన పాత చర్మంలోంచి కాళ్ళు ఒక్కొక్కటే లాక్కుంటోంది, చేతికి బిగుసుకున్న గాజు తీస్తున్నట్టు. తెల్లగా, తడిగా, అంతకుముందుకన్నా పెద్దగా. ఫోటో పంపాను. రూతు వార్డులో అందరికీ చూపించిందట. పక్కమంచం ఆమె కేకేసిందట.

ఆగస్టు 12
మూడింటికీ సీసాలు చాలడం లేదు. కాళ్ళు చాపితే ఎంతుందో దానికి మూడింతల డబ్బా ఉండాలట. ఎత్తు వద్దు, పడితే పొట్ట పగులుతుంది. మిఠాయి దుకాణం నుంచి మూతలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాను. నీళ్ళకు సీసా మూత. పెద్దది, చిన్నది కుంచెతో తోస్తే వెళ్ళాయి. నడిపిది ఒక్కసారిగా ఉరికింది, భయపడి మూత వేసేశాను. కాలు తెగి మూతకు అంటుకుంది. ఎడమవైపు మూడోది.
చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం రాలేదు. ఆమె తిట్టలేదు. "మళ్ళొస్తది తియ్. పొర ఇడిసినప్పుడు కొత్త కాలు మొలుస్తది." ఫోన్ పెట్టేసేముందు, "మనకే రాదు."

సెప్టెంబర్ 9
నడిపిది పొర విడిచింది. కొత్త కాలు నిజంగానే వచ్చింది. మిగతావాటికన్నా సన్నగా, దారంలా.

సెప్టెంబర్ 26
ఇది ఎక్కడా చెప్పను, ఇక్కడ రాస్తాను.
మొన్న రెండు డ్యూటీలు వరసగా పడ్డాయి. కొంచెం పెరిగాయి కదా అని కీచురాళ్ళను బతికుండగానే వేసి వెళ్ళిపోయాను. వచ్చేసరికి చిన్నది వెల్లకిలా ఉంది, సగం చర్మంలోంచి బయటికొచ్చి. కీచురాయి దాని పొట్ట కొరుకుతోంది. చిన్నది ఇంకా కాలు కదుపుతోంది.
తిననప్పుడు బతికున్న పురుగును లోపల ఉంచొద్దని రూతు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు.
కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చాను.

సెప్టెంబర్ 28
"చిన్నది పొర ఇడిసిందా?"
విడిచిందన్నాను. ఫోటో పెట్టమంది. నడిపిదాన్నే రెండు డబ్బాల్లో పెట్టి రెండు ఫోటోలు తీశాను. చూసి, మంచిగున్నరు ఇద్దరు అంది. అంతే.

అక్టోబర్ 14
పండుగకు పదిహేను రోజులు పంపిస్తున్నారట. మిగతా కీమో తర్వాతేనట. గొంతు తేలికగా ఉంది. ఇల్లు కడిగాను. మూడో డబ్బా ఏం చెయ్యాలి? అలమర పైకి ఎక్కించాను, దించాను, మళ్ళీ ఎక్కించాను.

అక్టోబర్ 17
ఆటోలోంచి ఎత్తుకుని దించాను. బరువే లేదు. తలకు గద్వాల ఆమె కొంగు. మంచం వంటగదిలో వెయ్యమంది, వాటి ఎదురుగా. రెండు డబ్బాలనూ చాలాసేపు చూసింది. మూడోది అడగలేదు.

అక్టోబర్ 19
అత్తమ్మ చర్చికి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరమే. ఇక ఉండబట్టలేక నోరు తెరిచాను — రూతూ, చిన్నది...
"నాకెరుకే. రెండు ఫోటోలల్ల నడిపిదే ఉండె. సన్నకాలు కనవడదా నాకు?"
అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.
"అడుగుతె నువ్వు ఏడుస్తవు. ఈడ నీ పక్కన ఎవరు లేకుండె." గోడవైపు తిరిగింది. "నేను గూడ నీకొకటి దాసిన. పండుగ లేదు, ఏం లేదు. ఇగ కీమో పని చెయ్యదన్నరు. ఇంటికి తీస్కపొమ్మన్నరు."
పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. లేచి గ్యాసు కట్టేశాను.

అక్టోబర్ 27
ఇవాళ తినిపించడం ఆమే చూసింది. దిండుకు ఆనుకుని, నా చేతిని చూస్తూ. "జర కిందికి పట్టు. మీదికెళ్ళి వస్తె అది భయపడ్తది." పెద్దది పట్టుకుంది. నా చెయ్యి వణకలేదని అత్తమ్మతో చెప్పింది. రెండు ముద్దలు తింది.

నవంబర్ 5
మాటలు తగ్గాయి. నీళ్ళు చెంచాతో.

నవంబర్ 11
పొద్దున ఆరున్నరకు. చెయ్యి నా చేతిలోనే ఉంది.

నవంబర్ 24
పన్నెండు రోజులు డబ్బాల వైపు చూడలేదు. ఇవాళ చూశాను. రెండూ ఉన్నాయి. నీళ్ళ మూతలు ఎండి ఉన్నాయి. నీళ్ళు పోశాను. పెద్దది మెల్లగా వచ్చి మూత మీద వంగింది. చాలాసేపు వంగే ఉంది.
నేలమీద కూర్చుని ఏడ్చాను. దవాఖానలో ఏడవలేదు, సమాధి దగ్గర ఏడవలేదు.

డిసెంబర్ 3
అత్తమ్మ తన ఊరు గోపాల్‌పేటకు వెళ్తోంది. బట్టలు సర్దుకుంటూ నన్నూ రమ్మంది. "ఒక్కనివి ఈడ ఏముంటవ్ బిడ్డా. ఆ పురుగుల్ని గూడ తెచ్చుకో. నేనేమనను." రూతు చిన్నప్పుడు తాను కూలిపనికి వలస వెళ్ళినప్పుడల్లా బిడ్డను చుట్టాల దగ్గర వదిలి వెళ్ళిందట. ఒక్కతే ఉండుడు అలవాటైంది దానికి, అంది. బస్సెక్కించి వచ్చాను. వస్తాననలేదు, రాననలేదు.

డిసెంబర్ 19
బడి హెడ్మాస్టరమ్మ వచ్చింది. సైన్సు గదిలో రూతు ఫోటో పెడతారట, సాలీళ్ళనిస్తే అక్కడే పెంచుతామంది. ఆలోచించి చెప్తానన్నాను. ఎవరు తినిపిస్తారో అడగాల్సింది. అడగలేదు.

జనవరి 8
కాళ్ళు చాపితే పెద్దది నిమ్మకాయను మించింది. మిఠాయి డబ్బా చాలడం లేదు, ఒక మూలను తవ్వితే పొట్టు రెండో మూల మీద పడుతోంది. పెద్ద డబ్బా కొన్నాను. పొట్టు ఎంత లోతు పోయాలో తెలియదు. రూతు నాకు చెప్పింది చిన్నవాటి సంగతే, ఇంత పెద్దవాటి దాకా రానేలేదు. స్నేహితురాలి నంబరుంది. అడగొచ్చు.
అడగలేదు. నాలుగు వేళ్ళ లోతు పోశాను.

జనవరి 11
పెద్దది రోజంతా తవ్వుతోంది. లోతు చాలలేదేమో, అడుగు గీరుకుంటున్న చప్పుడు.
నడిపిది తినడం లేదు, పదహారు రోజులు. పొర కోసమో, ఇంకేమైనానో. టార్చి వేసి చూశాను, పొట్ట నల్లబడిందా అని. నల్లబడినట్టే ఉంది. మళ్ళీ చూస్తే లేదు.