పొద్దు వాలగానే వచ్చే దోమలు

మార్చి 3, సోమవారం

నా అక్షరాలు వంకర, తప్పులూ ఎక్కువే. ఆరో క్లాసుతో బడి మానేశాను. ఎవరూ చదవరు కాబట్టి పరవాలేదు.

మళ్ళీ జ్వరం. నాకు ఐదో నెల. పోయినసారి కడుపు ఈ జ్వరంతోనే పోయింది. దోమతెరలో పడుకుంటున్నావా అని నర్సు మళ్ళీ అడిగింది. రోజూ పడుకుంటున్నాను! నమ్మినట్టు లేదు.

మార్చి 5

రాజధాని హోనియారా నుంచి వచ్చిన మలేరియా ఆఫీసు వాళ్ళు మా ఆయన ఎలిసన్‌కి పని ఇచ్చారు. సాయంత్రం నుంచి తెల్లవార్లూ కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. వాలిన దోమని గొట్టంతో పీల్చి కప్పులో వెయ్యాలి. ఏ వేళ ఎన్ని కుడతాయో లెక్కకి గంటకో కప్పు. ఇంట్లో భార్యకి జ్వరం, మొగుడేమో దోమలకి విందు. మావాడి కాళ్ళకి ఎంత గిరాకీయో అని అత్త ఒకటే నవ్వు.

మార్చి 8

పొద్దు వాలే వేళ కప్పు నిండిపోతోందట. అర్ధరాత్రి కప్పులు దాదాపు ఖాళీ. తెరకున్న మందు తగిలి కొన్ని చచ్చాయట, కొన్ని ఇళ్ళలోకి రావడమే మానేశాయట. బయట, పెందలాడే కుట్టేవే మిగిలాయని ఆఫీసర్ చెప్పాడట.

ఆ వేళ నేనెక్కడుంటాను? చర్చి గంట, ప్రార్థన, తర్వాత పెరట్లో పొయ్యి దగ్గర. మగవాళ్ళు తిని లేచేదాకా అక్కడే. మామ కళ్ళెదుట కోడలు తినకూడదు, మాట్లాడకూడదు. ఆయన కబుర్లకి అంతు లేదు.

తెర మాత్రం లోపల మంచం మీద హాయిగా వేలాడుతోంది.

మార్చి 9, ఆదివారం

నేను ముందే తిని లోపలికి పోతానని మీ నాన్నతో చెప్పు అన్నాను. నువ్వే చెప్పుకో అన్నాడు ఎలిసన్. నేను మామతో నేరుగా మాట్లాడకూడదని తెలిసే అన్నాడు. అన్ని దోమల ముందు కూర్చుంటాడు, నాన్న ముందు నోరు పెగలదు.

అత్తకి చెప్పాను. మేమూ కన్నాం పిల్లా, అప్పుడూ దోమలున్నాయి అంది.

మార్చి 12

వణుకు. పొద్దుటి నుంచి కడుపులో కదలిక లేదు. మధ్యాహ్నం బిడ్డ తన్నింది. ఇంక చాలు.

మార్చి 13

ప్రార్థన కాగానే తెర విప్పుకొచ్చి, పొయ్యికి దూరంగా సీమపనస కొమ్మకి కట్టాను. అందులో కూర్చుని దుంపలు తిన్నాను. అత్త తల పట్టుకుంది. వలలో పడ్డ చేపలా ఇదేం వేషం అన్నారు మామ.

ఎలిసన్‌కి ఇవాళ సెలవు. తెరలో ఉన్న మనిషి మనకి కనిపించనట్టే కదా నాన్నా అన్నాడు. ఇన్నాళ్ళకి!

మామ ఇంకో దుంప తుంచుకున్నారు. సరే, ఆ కనిపించని మనిషిని రేపటి నుంచి చారులో ఉప్పు తగ్గించమను అన్నారు.

మార్చి 20

ఇవాళ అత్త తెరలోకి దూరి, జరుగు అంది. ఎలిసన్ కంటే ముందు ఇద్దరు పుట్టారట. ఇద్దరూ జ్వరంతోనే పోయారట. పేర్లు చెప్పింది. నాకొక్కదానికే చెప్పింది కాబట్టి ఇక్కడ రాయను. ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే, మీకు దణ్ణం, పొయ్యిలో పెట్టెయ్యండి.