కరియా ముట్టని రొట్టె

11 జులై 1959
మోకలో మామయ్యగారి ఇంటి నుంచి కుక్కపిల్లను తెచ్చాను. నల్లటిది. బస్సులో దారంతా నా చొక్కా లోపలే. దిగేసరికి చొక్కా తడి. "రాజా అని పిలవరా" అన్నాడు నాన్న. ఈ ఇంట్లో ఇంకా రాజులెందుకు అన్నాను. కామ్రేడ్ అని పెట్టాను. అమ్మ నోట అది కామిరెడ్డి అయి కూర్చుంది. పక్క పొలం రెడ్డిగారు వింటే తగాదాకు వస్తారు.

12 జులై
ఒకటే ఏడుపు. కట్టెయ్యమన్నాడు నాన్న. కట్టను. ఎవరి మెడకూ తాడు ఉండకూడదని బ్రూస్‌పేటలో కొన్న చిన్న పుస్తకంలో గీత గీసుకున్నది నేనే కదా. కుక్కకు మాత్రం వేరే న్యాయమా?

16 జులై
కూర్చోమంటే కూర్చుంటుంది — చేతిలో బెల్లం ఉంటే. లేదంటే నా మొహం చూసి ఆవులిస్తుంది.

20 జులై
నాట్లు మొదలు. దేశనూరు హరిజన కేరి (వాడ) నుంచి హనుమక్క, ఆమెతో నాటు వేసే ఆడవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం గట్టు మీద సద్దిమూటలు విప్పారు. తాము నోట పెట్టుకోకముందే ప్రతి ఒక్కరూ జొన్నరొట్టెలో మొదటి తుంట తుంచి పొలం కుక్కకు వేస్తారు. వాళ్ళ పద్ధతి అది. ఎవరి పొలంలో దిగితే ఆ పొలం కుక్కకు.

"కరియా, బారో ఇల్లి" అంది హనుమక్క కన్నడంలో. నల్లోడా, ఇటు రా అని.

ఎగురుకుంటూ పోయింది! నేను పెట్టిన పేరుకు ఒక్కసారీ రాని కుక్క. నవ్వాను గానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది.

23 జులై
ఇవాళ కుక్క హనుమక్క మూట విప్పి మొత్తం రొట్టె తినేసింది. చెనిక్కాయల పొడి మూతికంతా పూసుకుని తోక ఊపుతోంది. ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి నడుము వంచి నాటు వేసిన మనిషి తిండి. అది భూమి గలవాడి కుక్క పొట్టలోకా? ఇదే కదా దోపిడీ అంటే.

"పసిది, తిననీలే అప్పా" అని ఆమె నవ్వుతుంది. నేను ఇంటికి పరుగెత్తి అన్నం తెచ్చిచ్చాను. సగం తిని సగం మళ్ళీ దానికే పెట్టింది. ఈమెకు తన కష్టం విలువ తెలియదు. నేనే కుక్కకు నేర్పాలి.

24 జులై
జొన్నదంటు ఒకటి పట్టుకుని గట్టు వెనక కూర్చున్నాను. వాళ్ళు తుంట వేయగానే అది కరుచుకుని గట్టు వెనక్కు, వాళ్ళకు కనపడని చోటికి తెచ్చుకుంటుంది. తినబోగానే — ఒక దెబ్బ. ఎద్దుల మీద మునికోల ఎత్తాడని పోయిన నెల నాన్నతో మాటలు మానేసినవాణ్ణి నేను. దంటు తేలికే, నొప్పి ఉండదు అనుకున్నాను. అది కుయ్యిమన్న తీరు వేరేగా ఉంది.

26 జులై
మళ్ళీ.

27 జులై
మళ్ళీ. ఇవాళ కోపంలో దంటు విరిగింది.

30 జులై
నేర్చుకుంది. హనుమక్క తుంట విసిరింది. కరియా (నేనూ అలాగే పిలుస్తున్నాను ఇప్పుడు) వాసన చూసింది, తోక ముడిచింది, వెనక్కు వెనక్కు జరిగింది. సాధించాను. అమ్మకు చెప్పాను. "తిండి మానిపించడం కూడా ఒక చదువేనా?" అంది పెసలు చెరుగుతూ.

1 ఆగస్టు
ఏం రాయాలి...

చిన్నవయసు పిల్ల ఒకతె, కొత్తగా వచ్చింది. తుంట చేత్తోనే మూతి దగ్గర పెట్టింది. కరియా తల తిప్పుకుంది. రెండోసారి పెట్టింది. లేచి పోయింది.

"నాయికీ అంటు నేర్పినారక్కా!" అంది ఆ పిల్ల, కుక్కకూ అంటరానితనం నేర్పామని. ఎవరో నవ్వారు. అది నవ్వు కాదు.

హనుమక్క కిందపడిన తుంట తీసి దుమ్ము దులిపి తన రొట్టెలోనే పెట్టుకుంది. "పోనీలే. మా చేతిది తినగూడదని ఇంట్లో చెప్పింటారు. అది మాత్రం ఏం జేస్తాది."

గట్టు వెనక నేను. చేతిలో దంటు.

2 ఆగస్టు
దూరపు గట్టు మీద కూర్చుని తిన్నారు. అక్కడికే పోయాను. మీ తిండి మీకు మిగలాలనే అలా చేశానని చెప్పాను. శ్రమ అన్నాను, దోపిడీ అన్నాను, పుస్తకంలోవన్నీ అన్నాను. అందరూ నమలడం ఆపి చూస్తున్నారు.

"ఒక తుంటతో మేమేమన్నా కరిగిపోతామా అప్పా?" అంది హనుమక్క.

అప్పుడు అరిచాను. "మీ మంచికి చెప్తే అర్థం చేసుకునే తెలివి లేదా మీకు!" అన్నాను. ఆమె నా కన్నా ఎంత పెద్దది... "సాకప్పా, చాలు" అంది, అంతే. మడి నీళ్ళలోకి దిగిపోయారు. ఆ మాట వెనక్కు తీసుకునే దారి ఉంటే బాగుండు.

3 ఆగస్టు
అమ్మతో చెప్పాను, వాళ్ళు ఎంత తప్పుగా అనుకున్నారో చూడమని. అమ్మ పొయ్యి ఊదుతూనే అంది — "దొడ్డి గుమ్మంలో వాళ్ళ దోసిట్లోకి నీళ్ళు ఎత్తి పోసేది నేను. పక్కన నిలబడి చూసేది నువ్వు. ఇక కుక్క తల తిప్పుకుంటే ఏమనుకోవాలిరా మరి?"

రేపటి నుంచి చెంబు చేతికియ్యి అన్నాను.

"మీ నాన్నకు చెప్పు. ఇస్తాను."

నాన్న దగ్గరకు వెళ్ళాను. నోరు తెరిచాను. కాలువ నీళ్ళు తగ్గాయన్న సంగతి మాట్లాడి వచ్చాను.

4 ఆగస్టు
అమ్మ చేత జొన్నరొట్టె చేయించాను. పెరట్లో నేనే తుంచి చేత్తో పెట్టాను. కరియా రొట్టె చూడదు. నా రెండో చెయ్యి చూస్తుంది. అందులో ఏముందా అని. ఏమీ లేదురా, చూడు, ఖాళీ... అరచెయ్యి తెరిచి చూపించాను. చెవులు వెనక్కు వాల్చి నేలకు కరుచుకుపోయింది.

5 ఆగస్టు
నీళ్ళ వేళకు నేనే దొడ్డి గుమ్మంలో నిలబడి చెంబు హనుమక్క చేతికి చాచాను. ఆమె చెంబు వంక చూడలేదు. వసారాలో కూర్చున్న నాన్న వంక చూసింది. దోసిలి పట్టింది. "పొయ్యప్పా. నీకు ఇంట్లో రచ్చ బ్యాడ, వద్దు."

పోశాను. పై నుంచే పోశాను.

6 ఆగస్టు
గట్టు మీదికి పోయి, నాకొక తుంట పెట్టు హనుమక్కా అన్నాను. మొన్న అన్న మాట తప్పు అన్నాను. పెట్టింది. తిన్నాను. కారానికి కళ్ళలో నీళ్ళొస్తే ఆ పిల్ల, "అయ్యో, చిన్నప్పకు మన పొడి పడల్యా!" అని విరగబడి నవ్వింది. కాస్త ఊపిరాడింది. ఇక సర్దుకుంటుందేమో అనుకున్నాను.

"చూశావా, నేను తిన్నాను" అన్నాను.

హనుమక్క కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నువ్వు బుద్ధి పుట్టినపుడు తింటావు, లేదంటే మానుతావు. నీది నీ ఇష్టం. ఆ పసిది ఉరుక్కుంటా వస్తాండె, దానికి ఇష్టమయ్యి వస్తాండె. ఇప్పుడు చూడు దాన్ని."

చూశాను.

8 ఆగస్టు
మా నాట్లు ఇవాళ్టితో అయిపోయాయి. రేపటి నుంచి వాళ్ళు వేరేవాళ్ళ పొలానికి. మధ్యాహ్నం హనుమక్క దూరం పోకుండా దగ్గరి గట్టు మీదే కూర్చుంది, నా కోసమో కుక్క కోసమో తెలియదు. తుంట తుంచింది. "కరియా" అంది, మెల్లగా.

వచ్చింది. ఆమెకూ నాకూ మధ్య ఆగిపోయింది. ముక్కు రొట్టె వైపు, కళ్ళు నా చేతుల వైపు.

చేతులు వెనక్కు పెట్టుకున్నాను. ఇంకా నన్నే చూస్తోంది. లేచి కాలువ దాటి దూరంగా పోయి, అటు తిరిగి నిలబడ్డాను. వెనక ఆమె గొంతు — "తిన్నురా... ఆయప్ప పోయినాడు, తిన్ను..."

తిరిగి చూస్తే మళ్ళీ బెదురుతుందేమో. చూడలేదు. వాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాను.