నర్సులు నా వసారాలోనే కూర్చుంటారు

జగ్గయ్యపేట,
14 ఆగస్టు 1948.

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

శుక్రవారాల్లో నర్సులు మా వసారాలో కూడటం మానాలని నందిగామ ఆసుపత్రి నుంచి డాక్టరు హోదాలో మీరు పంపిన తాకీదు నిన్న అందింది. ఇక్కడి ప్రసూతి కేంద్రం పెట్టిననాడు వాళ్ల బాగోగులు చూడమని నన్ను అడిగింది మీరే. ఇప్పుడు మా శుక్రవారం మాటలు ఊసుపోని కబుర్లంటున్నారు.

కాన్పులో తల్లి పోతే ఆ నర్సును మళ్లీ ఏ ఇంటికీ పిలవరు. ముక్త్యాలలో అలా జరిగాక ఆండాళమ్మ పని మానేస్తానంది. శుక్రవారం అందరి మధ్యా కూర్చోబెట్టి, ముందు ఏం చూశావు, ఎక్కడ భయపడ్డావు అని అడిగాను. తోటి నర్సు రాఘవమ్మ, "ఏడిస్తే ఏడువు గానీ మధ్యలో ఆపకే," అంది.

చివరికి ఆండాళమ్మ నోరు విప్పింది. "బిడ్డ అడ్డం తిరిగిందని తెలుస్తూనే ఉందండి. కబురంపితే డాక్టరుగారు తిడతారని జంకాను."

ఈ మాట మీ తనిఖీలో ఎన్నడైనా బయటికి వచ్చేదా? మీ పిల్లల అమ్మమ్మను కనుక సర్దుకుపోతాననుకోకండి. ఆపను. ఇక జరగవలసినవి:

1. తాకీదు వెనక్కి తీసుకోండి.
2. వచ్చే కాన్పుకు ఆండాళమ్మనే పంపండి, రాఘవమ్మను తోడిచ్చి.
3. వచ్చే శుక్రవారం మీరూ రండి. అల్లుడని కుర్చీ వేయను. మీ చేతుల్లోనూ ఒక తల్లి పోయింది కదా, ఆమె గురించి ముందు మీరే చెప్పాలి.