చెవి మిషనూ, కొత్త కారూ

ఒరేయ్ పెద్దోడా,

ఆ కార్ల షాపులో ఇచ్చినంత బుల్లి టీ కప్పు నేను పుట్టి ఎరగను. మీసం తడిసింది గానీ నాలుక తడవలేదు. సరే, అది పోనీ.

నీ కూతురు కారు కొనేసింది! నువ్వు ఊళ్లో లేవుగా, తోడు నేనే వెళ్లాను. "బేరంలో నోరు పెట్టకు నాన్నా" అన్నావు. పెట్టలేదు, చెవి పెట్టానంతే.

బేరం కుదిరాక లోన్ కాగితాలు రాసే టై అబ్బాయి గదిలో కూర్చోబెట్టారు. వాడు నవ్వుతూనే సీట్లకి పూత, టైర్లకి బీమా, తాళంచెవి పోతే ఇంకో బీమా అంటూ ఒక్కోటీ లోన్లో కలిపేస్తున్నాడు. నెల వాయిదా పెరిగిపోయి, "ఇంత కట్టలేను తాతయ్యా, కారొద్దులే" అని పిల్ల కళ్లనీళ్లతో లేవబోయింది.

నేను చెవి దగ్గర చెయ్యి పెట్టాను. "ఏంటి బాబూ? మిషన్ పనిచెయ్యట్లేదు, ఈ పూతెందుకో గట్టిగా చెప్పు."

"సీటు మీద టీ పడితే మరక అంటదండీ!"

"ఎవరు పడ్డారు?"

"టీ అండీ, టీ!"

"మీ కప్పులో ఒలికేంత టీ ఎక్కడుందయ్యా?"

బయట జనం ఒకటే నవ్వు. వాళ్లలో కార్లు కొన్న ఇద్దరు లోపలికొచ్చి, "మాక్కూడా ఇవన్నీ కలిపావా?" అని నిలదీశారు. వాడు చెమటలు తుడుచుకుంటూ మా లోన్లోంచి అవన్నీ కొట్టేశాడు. పిల్ల సంతకం పెట్టి, ఇంటిదాకా హారన్ కొడుతూనే తీసుకొచ్చింది.

కోడలికి చెప్పకు గానీ, ఆ రోజు మిషన్ బాగానే ఉంది. ఆ మాటకొస్తే అది ఏనాడూ పాడవలేదు. "ముసలాయనకి వినపడదులే" అంటూ వంటింట్లో మీరిద్దరూ అనుకునేవన్నీ హాయిగా వింటున్నాను.

నీ చెవిటి నాన్న