బానెట్ మీద మూడు పట్టెలు

పళ్ళిపట్టు,
30-7-1984, సోమవారం.

చిరంజీవి అరుణాచలానికి,

అక్క చంద్రావతి ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మనుషులమందరం బాగానే ఉన్నాం, కారుకే ఒంట్లో బాగాలేదు. అక్కడ నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం రాయమన్నది మీ బావే. రాశాక తనకొకసారి చూపించి కవరు అంటించమన్నారు. చూడనీ, ఆయన ఎరగని తిట్లు ఇందులో ఏమీ లేవు.

నువ్వు ఆ షోరూములో గుమాస్తావు. రంగు నువ్వు వేయలేదు, బండి నువ్వు చేయలేదు, నాకు తెలుసు. కాని నా తిట్లు మీ మేనేజరు దాకా చేరాలంటే మద్రాసులో నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు? అందుకని ఓపిగ్గా చదువు.

ఆరేళ్ళు కాచుకుని తెచ్చుకున్న బండి. తమిళ సంవత్సరాదినాడు తాళాలు చేతికిచ్చారు. నేరుగా తిరుత్తణి కొండకు తీసుకుపోయి పూజ చేయించాం. పూజారి గురుక్కల్ బానెట్ మీద గంధం చిక్కగా మెత్తి మూడు పట్టెలు తీర్చాడు, నడుమ రూపాయంత బొట్టు పెట్టాడు. మా అత్తగారింటి పద్ధతి నీకు తెలుసు కదా. సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో పెట్టిన బొట్టు దానంతట అది రాలిపోవాలి గాని మనం తుడవకూడదు. పిల్లల నుదుటిదయినా అంతే, నాగలిదయినా అంతే. కాబట్టి మా డ్రైవరు ఏసు రోజూ పొద్దున బండి కడిగేటప్పుడు పట్టెల చుట్టూ చెయ్యి తిప్పుకుంటూ, వాటి మీద చుక్క నీళ్ళు పడకుండా తుడిచేవాడు. గంధం ఎక్కడన్నా పెచ్చు లేస్తే మా అత్త శుక్రవారం శుక్రవారం మళ్ళీ మెత్తేది.

షెడ్డు ఇంకా కట్టలేదు, బండి వాకిట్లో ఎండలోనే ఉండేది. నెల తిరగకముందే ఏసు వచ్చి, అమ్మా, తుడిచే గుడ్డకు నీలం అంటుకుంటా ఉండాది, ఇప్పుడే తీసకపోయి అంగట్లో చూపిస్తే మేలు అన్నాడు. పోయి చూస్తే ఏముంది. ముదురు నీలం ఎంచుకుని తెచ్చుకున్న బండి, బానెట్ అంతా పాలిపోయి, సున్నం కొట్టిన గోడలాగ తయారయింది. వేలితో రాస్తే పొడి రాలుతోంది. ఎండలో పెట్టకుండా పెట్టెలో పెట్టుకోవడానికా కారు కొన్నది?

మద్రాసుకు తీసుకువచ్చినప్పుడు నువ్వు సెలవులో ఉన్నావు, ఆ నాటకం నువ్వు చూడలేదు. మీ మేనేజరు చల్లటి గదిలోంచి లేచి రావడానికే మధ్యాహ్నమయింది. వచ్చి, ఒక్క వేలితో బానెట్ మీద గీశాడు. వేలు నీలమయింది. జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. ఆ నీలం మరక లోపలికి పోయేటట్టు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, మీ డ్రైవరు మరీ గట్టిగా రుద్దుతున్నాడండీ, రంగు పోక ఏమవుతుంది అన్నాడు. నా కళ్ళ ముందరే, అరుణాచలం. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు. నాకు ఆ మనిషి చేతి కాఫీ తాగాలనిపించలేదు, వద్దని వచ్చేశాను. మీ బావ మాత్రం తాగారు. తిరిగి వస్తూ దారి పొడుగునా ఏసును, మెల్లగా రుద్దకూడదా అని అడుగుతూనే ఉన్నారు.

అప్పుడు నువ్వొక కార్డు రాశావు, అక్కా కొంచెం ఓపిక పట్టు అని. పట్టాను. పట్టినందుకు ఏమయిందో విను.

వైశాఖం చివర ఒక వాన పడింది. ఎండి బిగుసుకున్న గంధమంతా కడుక్కుపోయింది. గంధం ఉన్నంత మేరా రంగుకు ఎండ తగల్లేదు కాబట్టి అక్కడ మాత్రం నీలం కొత్తగా మెరుస్తోంది. చుట్టూ పాలిపోయిన రేకు, నడుమ నిగనిగలాడే మూడు పట్టెలు, ఒక బొట్టు. గడియారం తీస్తే మణికట్టు మీద మిగిలే మచ్చ ఉంటుందే, అంతే సంగతి. మా అత్త చూసింది. రెండు చేతులూ ఎత్తి మొక్కింది. సామి తానే వచ్చి పట్టె పెట్టుకొనినాడు, యాడికీ తీసకపోవద్దు బండిని, ఈడనే ఉండాల అనింది. గడియారం మాట నేను చెప్పబోతే, చదువుకొనిన దానివి, నీకు కనపడదులే అనింది.

ఇక ఊరు కదిలింది. పళ్ళిపట్టు నుంచే కాదు, ఆర్.కె.పేట నుంచి, ఆ పక్క ఆంధ్రా పల్లెల నుంచి కూడా బస్సు దిగి మా వాకిట్లోకే వచ్చారు. బంపరుకేసి టెంకాయలు కొట్టారు. అద్దం తుడిచే పుల్లలకు పూలదండలు తగిలించారు. చక్రాల కింద అరటిపండ్లు కుళ్ళి, ఆముదం జిడ్డులో ఈగలు ముసిరి, వాకిట్లోకి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రావలసివచ్చేది. బండి ముందరే మా ఊరి రత్నస్వామి టెంకాయల అంగడి పెట్టాడు. మా వాకిలి నేను ఊడవాలంటే వాడు పక్కకు జరగాలి. నాకు స్వామి మీద కోపం లేదురా. ఆ కొండ మెట్లు నేనెక్కినన్ని సార్లు ఈ ఇంట్లో ఎవరూ ఎక్కలేదు. కొండంత దేవుడు నాసిరకం రంగు మీదికి వచ్చి కూర్చుంటాడనడం నాకు రోతగా ఉంది.

మీ మేనేజరుకు ఈ కబురు ఎట్లా చేరిందో, పూలదండతో, ఫోటోలు తీసేవాడితో దిగాడు. జేబురుమాలు మనిషి, బూట్లు విప్పి, వంగి దండం పెట్టాడు. సాక్షాత్తూ దేవుడు వెలసిన బానెట్ మీద మళ్ళీ రంగు వేయడానికి మాకు చేతులు రావండీ అన్నాడు. పుణ్యం మాకట, మిగులు కంపెనీకట. మీ బావ మొగం వెలిగిపోయింది. పదిమంది వచ్చి పోయే ఇల్లు అయిందని ఆయనకు సంతోషం. నన్నేమో ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. అనిపించుకున్నాను.

ఇందులో నలిగిపోయింది ఏసు. నీతో తిరువళ్ళూరు బడిలో చదువుకున్నవాడని, మంచి డ్రైవరని నువ్వే కదా పంపావు. మణవాళనగర్‌లో ఉన్న లారీ పని మానుకుని, పెళ్ళాం కోకిలను తీసుకుని వచ్చాడు. రత్నస్వామి, ఇంకో నలుగురు చేరి, సామి బండిని ఏసు ముట్టుకోవచ్చునా, వాడు మేరీమాత కోవిలకు పొయ్యేవాడు గదా అన్నారు. రెండున్నర నెలలు పట్టెల చుట్టూ చెయ్యి తిప్పుకుంటూ తుడిచినవాడు వాడొక్కడే. మా అత్త తల ఊపింది, మీ బావ ఊ అన్నారు. అప్పటి నుంచి వాడు చెరకుతోటలో నీళ్ళు కడుతున్నాడు. బండి కదలనే లేదు.

పోయిన సోమవారం ఆడికృత్తిక. ఇంటిల్లిపాదీ కావడి ఎత్తుకుని తిరుత్తణికి బస్సులో వెళ్ళారు. వాకిట్లో సొంత కారు పెట్టుకుని బస్సులో. ఊరంతా కొండకే పోవడంతో ఆ రోజు రత్నస్వామి కూడా అంగడి తీయలేదు. నేను ఇంట్లో చేరకూడని రోజులు కాబట్టి వెనక వసారాలో ఉండిపోయాను. సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చేసరికి బానెట్ మీద పట్టెలూ లేవు, బొట్టూ లేదు. ఎవరో రేకు కనపడేదాకా తోమేసి ఉన్నారు. మా అత్త అక్కడే కూలబడింది. ఏసు మధ్యాహ్నం మా గేటులోంచి బయటికి పోతుంటే చూసినానని రత్నస్వామి చెప్పాడు. అంతే, పనిలోంచి తీసేసిన కడుపుమంటతో వాడే చేశాడని అందరూ తేల్చేశారు.

వచ్చే శుక్రవారం వినాయకుడి గుడి అరుగు మీద పెద్దమనుషులు కూర్చుంటున్నారు. ఏసు దోషి అని అక్కడ తేలిస్తే, తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా వాడి చేతికి స్టీరింగు ఇచ్చేవాడు ఉండడు. గుడి సొత్తు పాడుచేసినవాడనే పేరు వాడికంటే ముందు ఊళ్ళు తిరుగుతుంది. కోకిలకు ఇప్పుడు ఏడో నెల.

మీ బావ చెప్పమన్నవి రెండు. ఒకటి, ఇక పట్టెలు లేవు కాబట్టి మీ మేనేజరుకు సాకు కూడా లేదు. కంపెనీ రంగు డబ్బా, వేసే మనిషి, రెండూ నువ్వే వెంటబెట్టుకుని రావాలి. రెండు, నువ్వు పంపిన మనిషి కాబట్టి శుక్రవారం అరుగు దగ్గర నువ్వుండి, తీర్పు కాగానే ఏసును నీ వెంట తీసుకుపోవాలి.

వాడే చేశాడా అని నువ్వు అడుగుతావు. మీ బావ మాట నేను రాశాను, అంతవరకే. గురువారం సాయంత్రానికల్లా ఇక్కడుండాలి. సెలవు దొరకలేదని కార్డు రాయవద్దు, చించి పొయ్యిలో వేస్తాను. మరదలికి నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మంచి కోరే అక్క,
చంద్రావతి.

తా.క. మీ బావ పైన రాసిందంతా చదివారు. ఉలిపికట్టె దగ్గర నవ్వి, బాగుంది, అంటించు అని చెప్పి చెరకు ఫ్యాక్టరీకి వెళ్ళారు. ఇక్కడి నుంచి నువ్వొక్కడివే చదువుతున్నావు.

ఆ పట్టెలు తోమింది నేను.

ఆ మధ్యాహ్నం ఏసు గేటు దగ్గరికి వచ్చాడు. వాడి కాకీ చొక్కా మూడు వారాలుగా బండిలోనే ఉండిపోయిందట, జేబులో లైసెన్సు ఉందట. మణవాళనగర్‌లో మళ్ళీ లారీ పని అడగబోతే లైసెన్సు చూపించమన్నారట. అమ్మా, నేను తాకకూడదు గదా, మీరే కొంచెం తీసిస్తారా అన్నాడు. నేను వసారాలోంచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఆ రోజు నేనూ తాకకూడదు. బండికి ఆ పక్క వాడు, ఈ పక్క నేను. మా బండి, వాడి చొక్కా. తీసుకోవడానికి ఇద్దరిలో ఒకరికీ చెయ్యి లేదు. వాడు తల వంచుకుని, పరవాలేదమ్మా, వాళ్ళు వచ్చినాక మళ్ళీ వస్తాను అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. తలుపు తెరిచి చొక్కా తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు వెళ్ళిపోయాడు. తరువాత జరిగింది వాడికి తెలియదు. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తెచ్చుకుని, ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. స్వామికి దండం పెట్టుకునే తోమాను. వేళ్ళ కొసల్లో చర్మం లేచిపోయింది. మరునాడు నా నాలుగో రోజు స్నానమయింది, అప్పటి నుంచి ఆ చేతులతోనే ఇంట్లో అందరికీ వడ్డిస్తున్నాను. ఇవేమయినాయని ఒక్కరూ అడగలేదు.

రత్నస్వామి ఏసు పేరు ఎత్తిన మరునాడే మీ బావకు చెప్పేశాను. తిడతారనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన అరవలేదు. తలుపు దగ్గరికి వేసి మెల్లగా, వాడైతే పోయి ఇంకొక ఊళ్ళో బతుకుతాడు, నువ్వని తెలిస్తే నేను ఈ ఊళ్ళో యాడ మొగం పెట్టుకొనేది, అట్లాంటి రోజుల్లో పోయి సామిని తాకినావని మా అమ్మకు తెలిస్తే బతుకుతుందా, నోరు మూసుకొని ఉండు అన్నారు. చెప్పి, కాఫీ అడిగారు. ఏసు చేయలేదని తెలిసే, వాడి మీద పంచాయతీ పిలిపించింది ఆయనే. అరుణాచలం, మీ మేనేజరు రుమాలు మడిచినప్పుడు కూడా నాకింత అసహ్యం పుట్టలేదు. ఆ మేనేజరుతో నేను కాపురం చేయడం లేదు.

శుక్రవారం ఆ అరుగు ముందరికి వెళ్ళి నేనే చెబుతాను. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదంటారు, వెళ్తాను. నేను మొదలుపెట్టగానే రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగుతారు. ఆ నాలుగు మాటలూ పూర్తయ్యేదాకా నన్నెవరూ లాగకుండా నా పక్కన నిలబడడానికి ఒక మనిషి కావాలి. దానికే నిన్ను పిలుస్తున్నాను. రంగు డబ్బా తేకపోయినా ఫరవాలేదు, నువ్వు రా.